కత్తి పిడికి దుప్పి కొమ్ము: తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు. గేదె కొమ్ముతో కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేసే ఇళ్లు ఇక్కడ ఇంకా ఉన్నాయి. నేను అదే కొమ్ముతో కత్తులకి పిడులు వేస్తాను. బరంపురం, రాయగడ, జయపురం నుంచీ, అటు మహారాష్ట్రలో సిరోంచ, అహేరి నుంచీ ఫోన్ చేసే మనవాళ్లు చాలామంది ముందు అడిగేది దుప్పి కొమ్ము గురించే. ఫోన్‌లో ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట పెట్టాను.

దుప్పి కొమ్ము ఎక్కడ దొరుకుతుంది? కిలో ఎంత?

మన దేశంలో మామూలు మనిషి చట్టబద్ధంగా కొనుక్కునే దారి లేదు. కాబట్టి ధర కూడా లేదు. ఎవరైనా కిలో ఇంత అని చెప్పారంటే అది దొంగ సరుకే. బేరం ఆడకుండా బయటికి వచ్చేయండి.

రాలిపోయిన కొమ్మే కదా, జంతువును ఎవరూ చంపలేదు కదా?

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అడగడంలో తప్పేమీ లేదు. మగ దుప్పి, మగ కణుజు (సాంబర్) ఏటా కొమ్ములు రాల్చుకుని కొత్తవి పెంచుకుంటాయి. అడవిలో పడి మట్టిలో కలిసిపోయేదాన్ని ఏరుకుంటే ఎవరికి నష్టం అనిపిస్తుంది.

కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రాలిందా, కొట్టి తెచ్చిందా అని తేడా చూడదు. అందులో 'ట్రోఫీ' అనే మాట కింద చర్మం, గోరు, పన్ను, ఈకతో పాటు కొమ్ము కూడా ఉంది. 39వ సెక్షన్ ప్రకారం అలాంటివి ప్రభుత్వ ఆస్తి. అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడం, ఇంకొకరికి ఇవ్వడం, కోసి పాడుచేయడం అన్నీ నేరాలే. పిడి చేయడమంటే కోయడమే కదా.

దీనికి కారణం కూడా ఉంది. రాలిన కొమ్ముకి మొదట్లో గులకలు గులకలుగా ఒక ఉంగరం, దాని కింద గరుకైన గుండ్రటి అడుగు ఉంటాయి. వేటాడి తెచ్చినదానికి అదే చోట పుర్రె ఎముక ముక్క అంటుకుని ఉంటుంది. కొమ్ము మొత్తంగా ఉన్నప్పుడు ఫారెస్టు వాళ్లు ఒక్క చూపులో చెప్పేస్తారు. నాలుగు అంగుళాల ముక్కగా కోసి పిడి చేశాక ఎవరూ చెప్పలేరు. రాలినవి అమ్ముకోవచ్చంటే వేటగాడు తెచ్చిన ప్రతి కొమ్మూ రాలినదే అయిపోతుంది.

అడవిలో పడ్డ కొమ్ము ఊరికే పోదు కూడా. ముళ్లపందులు దాన్ని కొరుక్కు తింటాయి. కాల్షియం, ఫాస్ఫరస్ కోసం ఒక్కోసారి దుప్పులే నములుతాయి. పళ్ల గాట్లు పడ్డ కొమ్ము ఎప్పుడైనా చూసి ఉంటే అది ముళ్లపంది పనే అయి ఉంటుంది.

మరి నెమలి ఈకలు బజారులో అమ్ముతున్నారు కదా?

అమ్ముతున్నారు. ఎందుకంటే నెమలి తోక ఈకలకి ఆ చట్టంలోనే విడిగా మినహాయింపు రాసి ఉంది. దుప్పి కొమ్ముకి అలాంటిది లేదు.

మాకు అటవీ హక్కుల పట్టా ఉంది. ఏరుకోవచ్చా?

కుదరదు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఫలసాయం అన్నప్పుడు వెదురు, తునికాకు, తేనె, మైనం, లక్క లాంటివి చెబుతుంది. సంప్రదాయ హక్కుల గురించి చెప్పేచోట వేటనూ, అడవి జంతువుల శరీర భాగాలు తీసుకోవడాన్నీ పేరు పెట్టి మినహాయించింది. భామ్రాగడ్ వైపు నుంచి మాట్లాడిన ఒకాయన "మా తాతల కాలం నుంచి ఏరుతున్నాం సార్" అన్నాడు. నిజమే అయ్యుంటుంది. కానీ చెక్‌పోస్టు దగ్గర ఆ మాట నిలవదు.

పొలం గట్టు మీద కొమ్ము కనిపించింది. ఏం చేయాలి?

ముట్టుకోకుండా వదిలేయడం అన్నిటికన్నా తేలిక. ఇంటికి తెచ్చేసి ఉంటే 48 గంటల్లో దగ్గరి పోలీసు స్టేషన్లో గానీ ఫారెస్టు రేంజి ఆఫీసులో గానీ చెప్పాలి. ఇచ్చాక ఒక కాగితం రాయించుకోండి. ఎక్కడ, ఏ తేదీన దొరికిందో అందులో ఉండాలి. తర్వాత ఎవరైనా అడిగితే చూపించడానికి మీ దగ్గర ఉండేది అదొక్కటే. ఈ చట్టంలో 57వ సెక్షన్ ఒకటుంది. వస్తువు మీ దగ్గర దొరికితే అది అక్రమంగా వచ్చిందనే ముందు అనుకుంటారు. కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే.

మా ముత్తాత కాలం నాటి కణుజు కొమ్ము గోడకి ఉంది. దాంతో పిడి చేయించుకోవచ్చా?

జమీందార్ల కాలం నాటి ఇళ్లలో ఇవి కనిపిస్తూనే ఉంటాయి. పర్లాకిమిడి, మందస, జయపురం అన్నీ సంస్థానాలే, వేట వాళ్లకి సరదా. ముందు చూడాల్సింది కాగితం. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇచ్చిన యాజమాన్య సర్టిఫికెట్ ఉందా? ఉంటే దాన్ని అలాగే గోడకి ఉంచుకోవచ్చు. అమ్మడానికి, కోయడానికి ఆ సర్టిఫికెట్ చాలదు. వారసత్వంగా వచ్చి ఉంటే 90 రోజుల్లో మీ పేరున తెలియజేయాలి. 2022లో చట్టాన్ని సవరించినప్పుడు, ఉంచుకోవడం ఇష్టం లేనివాళ్లు నోటీసు ఇచ్చి ప్రభుత్వానికి అప్పగించే వీలు కూడా పెట్టారు.

కాగితం లేకపోతే లాయరుతో మాట్లాడి డీఎఫ్ఓ (డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసర్) ఆఫీసుకి వెళ్లండి. ఒడిశాకి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ భువనేశ్వర్‌లో, మహారాష్ట్రకి నాగపూర్‌లో ఉంటారు. పాత వస్తువు కాబట్టి పరవాలేదు అనుకుని పిడి పనివాడి దగ్గరికి మాత్రం తేవద్దు. మీతో పాటు అతనూ ఇరుక్కుంటాడు.

ఇంకో సంగతి. ఒడిశా రాష్ట్ర జంతువు సాంబరే. గంజాంలో భేట్నాయి వైపు ఊళ్లవాళ్లు కృష్ణ జింకలు పొలాల్లో తిరిగితే శుభం అని కాపాడుకుంటూ వస్తున్నారు. ఇలాంటి చోట కొమ్ము పట్టుకుని తిరిగితే ఫారెస్టు వాళ్లకన్నా ముందు ఊరే అడుగుతుంది.

ఆన్‌లైన్‌లో విదేశీ కొమ్ము అమ్ముతున్నారు. తెప్పించుకోవచ్చా?

పార్శిల్‌గా అయితే వద్దు. వన్యప్రాణి భాగాల దిగుమతికి లైసెన్సులు, ఎగుమతి చేసే దేశం కాగితాలు కావాలి. అవి లేకుండా వచ్చిన పెట్టెను కస్టమ్స్ ఆపేస్తుంది. పేరు 'కుక్కలు నమిలే కొమ్ము' అని ఉన్నా అంతే. అది విదేశీ జింక రెడ్ డీర్‌ది, మన దుప్పిది కాదు అని పిడి అయ్యాక నిరూపించడం ఎలాగో కూడా ఆలోచించుకోండి.

అసలు దాని మీద అంత మోజు ఎందుకు?

ఆ మోజు మనది కాదు, ఇంగ్లండులో పుట్టింది. షెఫీల్డ్ కత్తుల పరిశ్రమకి ఒకప్పుడు ఇక్కడి కణుజు కొమ్ములు ఓడల్లో వెళ్లేవి. కణుజు కొమ్ముని అడ్డంగా కోస్తే బయట గట్టి ఎముక మందంగా, లోపల గుల్ల భాగం చిన్నగా కనిపిస్తుంది. చాలా జింక జాతుల్లో గుల్లే ఎక్కువ. అందుకని కణుజుదే పిడికి మేలని పేరు పడింది. పైన ముదురు గోధుమ రంగు, లోతైన గాడులు, చెమట పట్టినా చేయి జారకపోవడం, ఇవన్నీ కలిసొచ్చాయి. మన ప్రభుత్వం ఎగుమతి ఆపేశాక అక్కడ పాత నిల్వలకి రేటు బాగా పెరిగింది. వీడియోల్లో విదేశీ పనివాళ్లు దాన్ని బంగారంలా పట్టుకోవడం చూసి మన కుర్రాళ్లు నాకు ఫోన్ చేస్తారు.

గేదె కొమ్ముకీ దానికీ తేడా ఏమిటి?

దుప్పి కొమ్ము ఎముక. పెరిగేటప్పుడు పైన నూగు చర్మం, లోపల నెత్తురు ఉంటాయి. గట్టిపడ్డాక ఆ చర్మం ఊడుతుంది, సీజను అయ్యాక కొమ్మే రాలుతుంది. గేదె, ఆవు, మేక, కృష్ణ జింక కొమ్ములు వేరు. లోపల ఎముక గుంజ, దాని మీద మన గోరు, వెంట్రుక ఏ పదార్థమో అదే పదార్థంతో గట్టి తొడుగు. అవి రాలవు.

పనిలో ఈ తేడా అడుగడుగునా తెలుస్తుంది. గేదె కొమ్ము సెగకి మెత్తబడుతుంది, వంచవచ్చు, పలకగా నొక్కవచ్చు. దుప్పి కొమ్ముకి ఆ గుణం లేదు. గేదె కొమ్ము నునుపు తేలితే నల్లటి అద్దం, దుప్పి కొమ్ముకి గరుకే అందం. అనుమానం ఉంటే సూది ఎర్రగా కాల్చి కనపడని చోట ఆనించండి. వెంట్రుక కాలిన వాసన వస్తే గేదె కొమ్ము లాంటిది. పంటి డాక్టరు డ్రిల్లు పెట్టినప్పటి వాసన వస్తే ఎముక గానీ దుప్పి కొమ్ము గానీ. ప్లాస్టిక్ అయితే కరిగి తీగ సాగుతుంది.

మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. అక్కడ చట్టబద్ధంగా కొన్నాడు. పని ఎలా చేయాలి?

అక్కడ జింక జాతులైన ఎల్క్, వైట్‌టెయిల్ కొమ్ములు బహిరంగంగానే అమ్ముతారు. సొంతంగా ఏరుకోవాలంటే మాత్రం రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి. కొన్ని పశ్చిమ రాష్ట్రాల్లో ఏరడానికి తేదీలు పెట్టారు, నేషనల్ పార్కుల్లో ఏరడం నిషిద్ధం. కత్తి అక్కడే చేసుకుని అక్కడే ఉంచుకోమనండి. సెలవులకి వచ్చేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకురావద్దు.

ఇక పని. కొమ్ము బాగా ఆరి ఉండాలి. నీడలో, గాలి ఆడే చోట ఏడాది ఆరితే నిశ్చింత. ఎండలో పెడితే నిలువుగా చీలుతుంది. ఉడకబెట్టవద్దు. ఉడికే కొద్దీ లోపలి జిగురు పోయి పెళుసుబారుతుంది.

హాక్సాతో నెమ్మదిగా కోయాలి. కోసిన ముఖం చూస్తే బయట దంతం లాంటి తెల్లటి వలయం, మధ్యలో స్పాంజి ముక్కలా సన్నటి రంధ్రాల గుల్ల కనిపిస్తాయి. వలయం ఎంత మందంగా ఉంటే పిడి అంత బలం. కొనల దగ్గర గుల్ల దాదాపు ఉండదు, అందుకే చిన్న కత్తులకి కొన ముక్క మంచిది.

కత్తి తోక (వెనకవైపు సన్నటి ఇనుప భాగం) పిడి లోపలికి దిగే రకమైతే గుల్లలోంచే డ్రిల్ చేస్తారు. అక్కడే జాగ్రత్త. గుల్ల మెత్తన, గోడ గట్టి. డ్రిల్ బిట్ తేలికైన దారి వెతుక్కుని పక్కకి పోతుంది. ముందు సన్న బిట్‌తో దారి వేసి, తర్వాత తోక వెడల్పుకి సన్నటి ఆకురాయితో తెరవాలి. కొమ్ము వంపు తిరిగి ఉంటే తోకనే కొంచెం వంచడం నయం. ఖాళీ అంతా ఎపాక్సీతో (ఆరాల్డైట్ లాంటి జిగురుతో) నింపితే ఆ రంధ్రాలే పట్టుగా పనికొస్తాయి.

రెండు పలకలు అతికించే రకమైతే ఒకే కొమ్ము నుంచి జోడీ తీయాలి. వెనకవైపు చదును చేయడానికి ఉప్పుకాగితాన్ని గాజు పలక మీద పరిచి రుద్దడం మంచి పద్ధతి. వెనక గుల్ల బయటపడితే పల్చటి సూపర్ గ్లూ పోసి, అది పీల్చుకున్నాక ఇంకోసారి పోయాలి. పైన గోధుమ రంగు తోలు మందమే ఉంటుంది. నునుపు చేద్దామని రుద్దితే రంగు పోయి తెల్లగా తేలుతుంది, ఇక తిరిగి రాదు. రివిట్‌ని సుత్తితో బలంగా కొడితే పలక పగులుతుంది. రంధ్రం వెంట్రుకవాసి వదులుగా పెట్టి జిగురు మీద ఆధారపడాలి.

గేదె కొమ్ము ఎక్కడ కొనాలి?

పర్లాకిమిడిలో కొమ్ము పని చేసేవాళ్లనే అడగండి, ముక్కలుగానూ ఇస్తారు. ఉత్తరప్రదేశ్‌లోని సంభల్ కూడా ఈ పనికి పెద్ద కేంద్రం, అక్కడి నుంచి పలకలు తయారుగా వస్తాయి. బిల్లు మీద 'గేదె కొమ్ము' అని రాయించుకోవాలి. మహారాష్ట్ర వైపు వాళ్లకి ఇది మరీ ముఖ్యం. అక్కడ 2015 నుంచి ఆవులతో పాటు ఎద్దులు, కోడెల వధ కూడా నిషేధం, గేదెకి ఆ నిషేధం లేదు. దారిలో ఆపినప్పుడు కొమ్ము దేనిదో నోటితో చెప్పే బదులు కాగితం చూపించవచ్చు.

గడ్చిరోలి వాళ్లకి ఇంకో హెచ్చరిక. సిరోంచ ఫారెస్టు డివిజన్‌లో కొలామార్కా దగ్గర అడవి గేదెలు ఉన్నాయి. వాటి కొమ్ము ఊరి గేదె కొమ్ము లాగే నల్లగా, ఇంకా పెద్దగా ఉంటుంది. అది చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చే షెడ్యూల్ ఒకటి జాబితాలోని జంతువు. కేసు రుజువైతే జైలు కనీసం మూడేళ్లు, ఏడేళ్ల దాకా పడొచ్చు. బాగా పెద్ద కొమ్ము చవగ్గా ఇస్తానని ఎవరైనా అంటే ఎక్కడిదో అడగకుండా తీసుకోవద్దు.

చచ్చిన పశువు దగ్గర నుంచి మీరే కొమ్ము తెచ్చుకోవడం అసలే వద్దు. కొరాపుట్ వైపు, విశాఖ ఏజెన్సీలో దొమ్మ వ్యాధి, అంటే ఆంత్రాక్స్, అప్పుడప్పుడు బయటపడుతూనే ఉంది. ఉన్నట్టుండి చనిపోయి, ముక్కులోంచో నోట్లోంచో నల్లటి నెత్తురు కారిన పశువుని ముట్టుకోకుండా పశువుల డాక్టరుకి చెప్పండి. ఆ క్రిములు కొమ్ము, ఎముక, తోలు మీద ఏళ్ల తరబడి బతుకుతాయి. ఇది భయపెట్టడానికి రాయలేదు. పాతకాలంలో తోళ్లు, ఉన్ని, కొమ్ము పనివాళ్లకి పట్టే జబ్బుగానే దీనికి పేరు.

మంచి కొమ్ము ఎలా ఎంచుకోవాలి?

కొన వైపు నిండుగా ఉంటుంది, మొదలు వైపు బోలు. పిడికి కావలసింది జానెడు పొడవు నిండు కొన. చేత్తో పట్టుకుంటే దాని సైజుకి మించి బరువుండాలి. కోసిన ముఖాన్ని తడిపి వెలుతురుకి తిప్పి చూడండి. ఉల్లిపొరల్లా తెల్లటి గీతలు కనిపిస్తే పొరలు లేస్తాయని అర్థం. ఎంత పాలిష్ పెట్టినా ఆరు నెలల్లో అవే గీతలు మళ్లీ తెరుచుకుంటాయి. బోలు వైపు పారేయవద్దు. సెగకి చూపి పలకగా నొక్కితే చిన్న కత్తులకి సరిపోతుంది.

పచ్చి కొమ్ము అయితే?

లోపలి ఎముక గుంజ ఊడాలంటే కొన్ని వారాలు నీళ్లలో నానాలి. వాసన భరించలేరు, ఇంటికి దూరంగా పెట్టండి. గుంజ వదులయ్యాక కర్ర మీద కొడితే జారి వస్తుంది. కడిగి, నీడలో ఆరబెట్టి, ఆ తర్వాతే కోత. నిజం చెప్పాలంటే మొదటిసారి చేసేవాళ్లు దీని జోలికి పోకుండా శుభ్రం చేసినదే కొనుక్కోవడం మేలు.

పిడి బిగించడానికి లక్కా, ఆరాల్డైటా?

రెండూ పనిచేస్తాయి. మా పెద్దవాళ్లు లక్క, గుగ్గిలం, మెత్తటి ఇటుక పొడి కలిపి కరిగించి పోసేవారు. ఈ పక్క కొండల్లో సాల చెట్లున్నాయి, గుగ్గిలం వాటిదే. లక్కతో లాభం ఏమిటంటే పిడి విరిగితే వేడి చేసి ఊడదీసి కొత్తది వేయొచ్చు. నష్టం కూడా అదే. ఎండాకాలం మోటారు సైకిల్ పెట్టెలో పెడితే మెత్తబడి పిడి ఊగుతుంది.

ఇప్పుడు నేను ఎక్కువగా వాడేది ఆరాల్డైట్. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం కాదు, రాత్రంతా పట్టేది. కొమ్ము లోపల, ఇనుము మీద గరుకు చేసి, తోకకి ఆకురాయితో పక్కల గాట్లు పెట్టి, నూనె జిడ్డు స్పిరిట్‌తో తుడిచాకే పూయాలి. చాలా పిడులు ఊడేది జిగురు మంచిది కాక కాదు, ఆ జిడ్డు వల్ల.

కమ్మరి పద్ధతి ఇంకోటుంది. తోకని ఎర్రగా కాల్చి కొమ్ములోకి దించడం. చూడ్డానికి బాగుంటుంది, పట్టు కూడా కుదురుతుంది. కానీ రంధ్రమంతా కాల్చే చేస్తే లోపల మాడిన పొర మిగిలి కొన్నాళ్లకి పొడి రాలుతుంది. ముందు డ్రిల్ చేసి, చివరి అర అంగుళం మాత్రం వేడి తోకతో కూర్చోబెట్టాలి. ఆ సమయంలో అలుగుకి, అంటే కోసే భాగానికి, తడి గుడ్డ చుట్టి ఉంచాలి, లేకపోతే వేడి పాకి పదును పట్టే గుణం పోతుంది. లారీ కమాను పట్టీతో కొట్టిన కత్తులకైనా ఇదే.

పిడి, అలుగు కలిసే చోట ఇత్తడి పొన్ను (చుట్టూ బిగించే కట్టు) వేయించండి. కొమ్ము చీలేది ముందు అక్కడే.

గేదె కొమ్ముకి దుప్పి కొమ్ము లాంటి గరుకు తెప్పించవచ్చా?

తెప్పించవచ్చు, పైగా ఈ పద్ధతి షెఫీల్డ్‌లోనే బాగా నలిగింది. దుప్పి కొమ్ము చాలక వాళ్లు పశువుల ఎముకకే గాట్లు చెక్కి, రంగు వేసి అమ్మేవారు. ఎముక పలకకి గుండ్రటి ఆకురాయితో అడ్డదిడ్డంగా గాట్లు పెట్టి, బావుల్లో వేసే పొటాషియం పర్మాంగనేట్ నీళ్లలో ముంచితే గోధుమ రంగు వస్తుంది. గాట్ల మధ్య ఎత్తైన చోట్ల ఉప్పుకాగితం ఒకసారి తగిలిస్తే తెల్లగా తేలి, చూసేవాళ్లకి కణుజు కొమ్మే అనిపిస్తుంది. గాట్లు వరసగా పడితే మాత్రం యంత్రం చేసినట్టు ఉంటుంది. చేతికి తోచినట్టు పోనివ్వాలి.

గేదె కొమ్ముకి రంగు పట్టదు, నలుపు నలుపే. గాట్లు మాత్రం బాగా నప్పుతాయి. నాకైతే ఇంకొక దానిలా కనపడేలా చేయడం కన్నా కొమ్ముని కొమ్ములా వదిలేయడమే నచ్చుతుంది. అడిగితే చేసిస్తాను. అమ్మేటప్పుడు 'ఎముక' అని రాసిస్తాను.

కొమ్ము వద్దు అనుకుంటే?

చింత చేవ, తుమ్మ, వెదురు దుంప. పట్టుకు ఏదీ తక్కువ కాదు.

పాలిష్ ఎలా?

80 నంబరు ఉప్పుకాగితంతో ఆకారం, తర్వాత 120, 220, 400, 600. నంబరు దూకవద్దు. 80 గీత 400తో పోదు, మెరుపు వచ్చాకే కనపడి ఏడిపిస్తుంది. 600 తర్వాత నీళ్లు తడుపుతూ రుద్దితే దుమ్ము కూడా లేవదు. చివర్లో బొగ్గు పొడి, కొబ్బరి నూనె కలిపి నూలు గుడ్డతో. బఫింగ్ మోటారు ఉన్నవాళ్లు ఒకేచోట నొక్కి పట్టవద్దు, కొమ్ము కాలి బూడిద రంగు మచ్చ పడుతుంది.

దుమ్ము ప్రమాదమా?

అవును. కొమ్ము, ఎముక పొడి సన్నగా ఉండి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ముక్కుకి కట్టుకున్న తువ్వాలు దాన్ని ఆపదు. ఎన్‌95 మాస్కు పెట్టుకోండి, గ్రైండర్ బయట పెట్టుకోండి, పని బట్టలతో ఇంట్లోకి వెళ్లవద్దు. ఈ ఊళ్లో పాత పనివాళ్లలో దగ్గు లేనివాళ్లు తక్కువ.

కత్తి ఎంత పొడవు ఉండొచ్చు?

ఆయుధ నిబంధనలు 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న అలుగుల గురించి మాట్లాడతాయి. వంటింటి, వ్యవసాయ పనిముట్లకి మినహాయింపు ఉంది. కూర కత్తి, కొడవలి, టాంగియా గొడ్డలికి టెన్షన్ అక్కర్లేదు. బాకులా రెండువైపులా పదునున్నది అడిగితే నేను చేయను.

పిడి వంగుతోంది, పురుగు పడుతోంది. ఎందుకు?

వంగడం తేమ వల్ల. వానల్లో కొమ్ము నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎండల్లో కుంచించుకుంటుంది. నీళ్లలో నానబెట్టకుండా, కడగగానే తుడిచి, నెలకోసారి నూనె చేయి రాస్తే చాలు. పురుగు సంగతి వేరే. తోలు, ఉన్ని తినే పురుగే కొమ్ముని కూడా తింటుంది. చిన్న చిన్న గుంటలు, పక్కన గోధుమ రంగు పొడి కనిపిస్తాయి. కత్తిని తోలు ఒరలో ఏడాదంతా పెట్టేసేవాళ్లకే ఇది ఎక్కువ. బయటికి తీసి వాడుతూ ఉండండి, లేదా డబ్బాలో కలరా ఉండలు వేసి పెట్టండి.

మా దగ్గర దుప్పి కొమ్ము పిడి ఉన్న పాత కత్తి ఉంది. పంపితే బాగుచేస్తారా?

పంపకండి. పిడి ఊడదీసే పని కూడా నేను పెట్టుకోను. దాని కాగితాల సంగతి పైన రాశాను. పిడి ఇప్పటికే లేకుండా అలుగు ఒక్కటే ఉంటే, తోకని కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో గీసి, పొడవు, వెడల్పు, మందం రాసి ఫోటో పంపండి. గేదె కొమ్ముతో కొత్తది వేస్తాను. వానాకాలంలో ఇస్తే ఆలస్యమవుతుంది, కొమ్ము ఆరదు.